డయాబెటిక్ కార్డియోమయోపతి

రక్తనాళాల్లో పూడికలు లేవు, బీపీ లేదు. అయినా షుగర్ ఉన్నవారిలో గుండె కండరం మందమై బిగుసుకుపోవచ్చు. ఇదే డయాబెటిక్ కార్డియోమయోపతి. 1972లో రూబ్లర్ బృందం నలుగురి శవపరీక్షల ఆధారంగా దీన్ని వర్ణించింది. ముందుగా దెబ్బతినేది సాధారణంగా పంపింగ్ కాదు, గుండె సడలి రక్తం నింపుకొనే దశ. అందుకే చాలాకాలం అనుమానమే రాదు. ఎకో తీస్తే ఎడమ జఠరిక గోడ మందం తెలుస్తుంది.

షుగర్ ఒకే స్థాయిలో ఉన్నా ఇద్దరి గుండెలు ఒకేలా మారవు. జన్యువుల పాత్ర ఇక్కడే. అలాగని ఒక్క జన్యువును దోషిగా నిలబెట్టడం తొందరపాటు. స్వల్ప ప్రభావం చూపేవి అనేకం కలుస్తాయి, వాటికి బీపీ, ఊబకాయం తోడవుతాయి. గట్టి ప్రభావం చూపేవీ లేకపోలేదు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన రూపం భారతీయుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం 2009లో చెప్పింది. షుగర్ లేకున్నా అది గుండె కండర జబ్బు ముప్పును పెంచుతుంది.