జెన్‌కిన్స్‌కు వేరు కాపురం

ప్రోగ్రామర్ కోడ్ పుష్ చేయగానే దాన్ని తీసుకుని, బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, ఎక్కడ తప్పు దొర్లిందో అప్పటికప్పుడు చెప్పేవి కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ టూల్స్. వాటిలో పాతదీ, ఇప్పటికీ బాగా వాడుకలో ఉన్నదీ జెన్‌కిన్స్. కొహ్‌సుకే కవగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా హడ్సన్ పేరుతో దీన్ని తయారుచేశారు. ఆ పేరు విషయంలో ఒరాకిల్‌తో తగాదా వచ్చి 2011లో జెన్‌కిన్స్‌గా మారింది.

చిన్న కంపెనీలు దీన్ని వెబ్‌సైట్ నడిచే సర్వర్‌లోనే పెట్టేస్తుంటాయి. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ ఉండదు. క్రమంగా పాత బిల్డులు, లాగ్‌లు పేరుకుపోయి డిస్క్ నిండుతుంది. అదే డిస్క్ మీదున్న డేటాబేస్ రాసుకోవడానికి చోటు లేక ఆగిపోతుంది. సైట్ పడిపోయిందని కస్టమర్లు ఫోన్లు చేస్తుంటే, సైట్ కోడ్‌లో మాత్రం ఏ లోపమూ దొరకదు.

నన్ను ఇంతకంటే ఎక్కువ భయపెట్టేది తాళాల సంగతి. గిట్ టోకెన్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, క్లౌడ్ పాస్‌వర్డులు అన్నీ జెన్‌కిన్స్ దగ్గరే ఉంటాయి. వాటిని ఎన్‌క్రిప్ట్ చేసే దాస్తుంది, నిజమే. కానీ విప్పే కీ కూడా అదే హోమ్ ఫోల్డర్‌లో, సీక్రెట్స్ అనే డైరెక్టరీలో ఉంటుంది. ఇక బిల్డ్ అంటే ఊరూపేరూ తెలియనివాళ్లు రాసిన కోడ్‌ను మన మెషీన్‌లో నడపడమే. ఎన్‌పీఎం ప్యాకేజీ ఒకటి ఇన్‌స్టాల్ అవుతూనే తన స్క్రిప్టును నడిపించుకోగలదు. ఆ బిల్డ్ జెన్‌కిన్స్ ఉన్న మెషీన్‌లోనే, జెన్‌కిన్స్ యూజర్‌గానే నడిస్తే పెట్టె, తాళంచెవి రెండూ దాని చేతికి చిక్కినట్టే.

2024 జనవరిలో జెన్‌కిన్స్‌లో ఒక లోపం బయటపడింది. లాగిన్ కూడా లేకుండా సర్వర్‌లోని ఫైళ్లలో మొదటి కొన్ని లైన్లు చదవడానికి అది వీలిచ్చేది. సరిచేసిన వెర్షన్ వెంటనే వచ్చింది. అయినా ఆ ఏడాది జులై చివర మన దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు అంతరాయం కలిగించిన ర్యాన్సమ్‌వేర్ దాడి, సరిగా అమర్చని ఒక జెన్‌కిన్స్ సర్వర్ నుంచే మొదలైందని సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ విశ్లేషించింది.

అందుకే ముందుగా జెన్‌కిన్స్‌ను ప్రొడక్షన్ సర్వర్ నుంచి బయటికి తెచ్చి చిన్న మెషీన్‌లో పెట్టండి. ఒక్క మెషీన్‌కే డబ్బుంటే ఈ పనికే ఖర్చుపెట్టండి. 8080 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకుండా వీపీఎన్ వెనక ఉంచండి. ఆ తర్వాత బిల్డులను వేరే ఏజెంట్ మెషీన్లకు పంపి, కంట్రోలర్‌లో, అంటే జెన్‌కిన్స్ ఉన్న మెషీన్‌లో, బిల్డులు నడిపే ఎగ్జిక్యూటర్ల సంఖ్య 0 చేయండి. ప్రతి బిల్డ్‌కూ కొత్తగా పుట్టి, పని అయ్యాక చెరిగిపోయే ఏజెంట్లయితే మరీ మంచిది. ఏజెంట్ నుంచి ప్రొడక్షన్ డేటాబేస్‌కు దారి ఉండకూడదు. బిల్డ్ కంటైనర్‌కు డాకర్ సాకెట్ ఇవ్వవద్దు. ఇస్తే ఆ మెషీన్ మొత్తం మీద రూట్ అధికారం ఇచ్చినట్టే.

హోమ్ ఫోల్డర్‌ను రోజూ బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. సీక్రెట్స్ డైరెక్టరీని దానితో కలపకుండా విడిగా భద్రపరచండి. రెండింటినీ ఒక ఖాళీ మెషీన్‌లోకి ఎక్కించి, జెన్‌కిన్స్ లేచి ఒక బిల్డ్ పూర్తి చేసేదాకా చూడండి.