బంకు కింద ట్యాంకు, ఇంటి వెనక బోరు

గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో బోరు వేయించేవాళ్లకు లోతు బెంగ ఉండదు. కాలువలు పారే రోజుల్లో చాలాచోట్ల రెండు మూడు మీటర్లకే నీరు తగులుతుంది. పెట్రోలు బంకులో పాతిన ట్యాంకు అడుగు కూడా ఇంచుమించు మూడు మీటర్ల లోతునే ఉంటుంది. మెట్టలో అయితే కారిన పెట్రోలు నీళ్లదాకా దిగాలి. ఇక్కడ ట్యాంకే నీళ్లలో కూర్చుని ఉంటుంది.

లీటరు పెట్రోలు కారితే ఎంత నష్టం? బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ 1 శాతం మించకూడదు. బెంజీన్ రక్త కేన్సర్‌కు కారణమయ్యే రసాయనం. లీటరులో అది 10 మిల్లీలీటర్లు, అంటే 9 గ్రాములకు కాస్త తక్కువ. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల్లో ఒక వంతు మైక్రోగ్రాము. భాగించి చూస్తే 8.8 లక్షల లీటర్ల నీటిని హద్దుదాకా తేవడానికి ఆ ఒక్క లీటరు చాలు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు 880 అన్నమాట. నిజానికి కొంత ఆవిరైపోతుంది, కొంత మట్టికి పడుతుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. కాబట్టి దీన్ని గరిష్ఠ లెక్కగానే చూడాలి.

బంకువాళ్లు రోజూ డిప్ కర్రతో కొలుస్తారు కదా, తెలియదా? పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. 10,000 లీటర్లు 5 డిగ్రీలు వేడెక్కితే 50 లీటర్ల దాకా పెరుగుతుంది, చల్లబడితే అంతే తగ్గుతుంది. సెకనుకో బొట్టు కారితే రోజుకు సుమారు 2 లీటర్లు. ఆ ఎగుడుదిగుళ్లలో ఈ రెండు లీటర్లు ఎవరి కంట పడతాయి? అమెరికాలో ట్యాంకు మట్టం కొలిచే ఆటోమేటిక్ గేజి తప్పక పట్టుకోవలసిన లీకే గంటకు ముప్పావు లీటరు, అంటే రోజుకు 18 లీటర్లు.

డెల్టాలో లీకుకు ఇంకో ఆనవాలుంది. అడుగున చిల్లు పడితే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పెట్రోలు బయటికి పోతుంది. సరుకు తగ్గాక చుట్టూ ఉన్న నీరు లోపలికి వస్తుంది. డిప్ కర్రకు రాసే వాటర్ పేస్టు రంగు మారితే లోపల నీరు ఉన్నట్టు. నా లెక్కలో మన నేలలో పెట్రోలు తరుగుకన్నా ఈ నీటినే ముందు అనుమానించాలి. అయితే ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది కొద్దిపాటి నీటిని తనలో కలిపేసుకుంటుంది, పేస్టుకు చిక్కనివ్వదు.

బెంజీన్ ఎంత దూరం పాకుతుంది? కాలిఫోర్నియా లీకులను 1995లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల పరిశీలిస్తే, బెంజీన్ 250 అడుగులు, అంటే 76 మీటర్లు దాటిన సందర్భాలు తక్కువే. కొత్త బంకులకు నివాస ప్రాంతాలు, బడులు, ఆసుపత్రుల నుంచి మామూలుగా 50 మీటర్ల దూరం ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. మీ బోరు ఎంత దూరంలో ఉండాలన్నది ఆ 50 మీటర్లు చెప్పే విషయం కాదు. పైగా సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌నే తింటాయి కాబట్టి బెంజీన్ మరికొంత దూరం పోవచ్చు. బోరు గట్టిగా తోడితే నీటితోపాటు దాన్నీ తనవైపు లాక్కుంటుంది.

ఇలాంటిది మన దేశంలో జరిగిందా అంటే, చెన్నై తండయార్‌పేటలో 2013లో బోర్లలో పెట్రోలు వాసన వచ్చింది. కారింది ట్యాంకు కాదు, రేవు నుంచి వచ్చే భారత్ పెట్రోలియం పైపులైను. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్‌దాకా వెళ్లింది.

వాసన, రుచి తేడా తెలియకపోతే ధైర్యంగా ఉండొచ్చా? ఉండలేం. బెంజీన్ రుచి నాలుకకు తెలిసేది లీటరుకు అర మిల్లీగ్రాము దగ్గర, అంటే హద్దుకు 50 రెట్లు దాటాక. టీడీఎస్ మీటరు ఉప్పులనే కొలుస్తుంది, బెంజీన్‌ను చూడనే చూడదు. మరిగిస్తే బెంజీన్ వంటింటి గాలిలోకి వస్తుంది. ఆర్వో పొరను నమ్ముకోలేం. బొగ్గు ఫిల్టరు పట్టుకుంటుంది గానీ నిండాక వదిలేస్తుంది.

అనుమానముంటే పరీక్షకు ఇచ్చేటప్పుడు ‘బీటెక్స్’ అని అడగండి. బెంజీన్, టొలుయిన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ నాలుగూ అందులో వస్తాయి. మామూలు నీటి పరీక్షలో ఇవి ఉండవు. గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి అదే రోజు పంపాలి.