గేమ్‌లో గోడ మసకగా ఉందా? కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇది చూడండి

ఈ రోజు టాపిక్ అప్‌స్కేలింగ్. ముందు మా ఇంట్లో జరిగిన కథ చెప్తా.

సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయ్ పక్కకి పిలిచాడు. "ఒరేయ్, వీడు కొత్త ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. ఎనభై వేలంట. నువ్వు ఇంజినీరువి కదా, నిజంగా అవసరమో కాదో చూసి చెప్పు" అన్నాడు.

తమ్ముణ్ని అడిగితే, "అన్నయ్యా, ఫ్రేమ్స్ బాగానే వస్తున్నాయి. కానీ గోడలు, రోడ్లు, బట్టలు అన్నీ మైనం పూసినట్టున్నాయి. పోస్టర్ మీద అక్షరాలు కూడా కనబడట్లేదు" అన్నాడు. నేనూ ఒకసారి చూసి, "అవున్రా, గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది" అనేశా. అది తప్పు. ఎందుకు తప్పో చెప్తా.

ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అంటే 1920×1080, అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్. అప్‌స్కేలింగ్‌ని పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే మామూలుగా గేమ్ లోపల 960×540కే బొమ్మ గీస్తుంది. అంటే 5.2 లక్షల పిక్సెల్సే. మిగతా మూడొంతులు అప్‌స్కేలరే నింపాలి. ఎక్కడి నుంచి తెస్తుంది? రెండు దారులున్నాయి.

మొదటిది, ఉన్న ఒక్క ఫ్రేమ్‌నే చూసి అంచులు పదునుపెట్టడం. 2021లో వచ్చిన ఎఫ్ఎస్ఆర్ మొదటి వెర్షన్, 2023లో ఫోన్ల కోసం వచ్చిన స్నాప్‌డ్రాగన్ గేమ్ సూపర్ రిజల్యూషన్ మొదటి వెర్షన్ ఇలాంటివే. గీతలు నీట్‌గా వస్తాయి. కానీ గోడ మీద ఇసుక రేణువు ఆ ఫ్రేమ్‌లోనే లేకపోతే, పదునుపెట్టినంత మాత్రాన రాదు.

రెండోది, వెనక ఫ్రేమ్స్ నుంచి సమాచారం పోగుచేయడం. 2020లో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 2.0, 2022లో వచ్చిన ఎఫ్ఎస్ఆర్ 2 ఈ పద్ధతే. తడిక సందుల్లోంచి పెరట్లోకి చూశారా ఎప్పుడైనా? కదలకుండా నిలబడితే అక్కడో ముక్క, ఇక్కడో ముక్క కనిపిస్తుంది. తల కొంచెం అటూ ఇటూ ఊపితే పెరడంతా తెలిసిపోతుంది. గేమ్ కూడా ప్రతి ఫ్రేమ్‌కీ కెమెరాని పిక్సెల్‌లో కొంత భాగం అంత జరుపుతుంది. ఇలా వచ్చేది ఊహ కాదు, నిజమైన డీటెయిల్. కాకపోతే స్పీడ్‌గా కదిలే వాటి వెనక నీడలా మిగలొచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. గేమ్‌లో ప్రతి టెక్స్చర్‌కీ చాలా సైజుల కాపీలుంటాయి. 2048, 1024, 512, అలా సగం సగం. వీటిని మిప్‌మ్యాప్స్ అంటారు. దూరం గోడకి చిన్న కాపీ, దగ్గర గోడకి పెద్ద కాపీ. ఏది వాడాలో గేమ్ తను లోపల గీస్తున్న రిజల్యూషన్‌ని బట్టి తేలుస్తుంది. 540కి తగ్గించామా, "ఓహో, స్క్రీన్ చిన్నది" అనుకుని 2048 కాపీ బదులు 1024 కాపీ తీసుకుంటుంది. అప్‌స్కేలర్ చేతికి వచ్చేదే మసక బొమ్మ. అది మాత్రం ఏం చేస్తుంది?

దీనికి మందు మిప్ బయాస్. రిజల్యూషన్ సగం చేస్తే బయాస్ మైనస్ 1 పెట్టాలి. అప్పుడు ఒక మెట్టు పెద్ద కాపీ వస్తుంది. ఇది డెవలపర్ చేయాల్సిన పని. మర్చిపోతే గోడలు మైనం ముద్దలే. మరీ ఎక్కువ పెడితే దూరంగా ఉన్న కంచెలు, ఆకులు మిణుకుమిణుకుమంటాయి.

"అయితే టెక్స్చర్‌నే ఏఐతో పెద్దది చేసేయొచ్చు కదా బ్రో" అంటారు. చేశారు కూడా. 2021 నవంబర్‌లో వచ్చిన జీటీఏ ట్రిలజీ డెఫినిటివ్ ఎడిషన్‌లో పాత టెక్స్చర్లని అలాగే పెంచారు. కొన్ని షాపు బోర్డుల మీద స్పెల్లింగులే మారిపోయాయి. గేమ్‌లో ఉన్న రకరకాల లోపాలకి రాక్‌స్టార్ అదే నెలలో సారీ చెప్పాల్సి వచ్చింది. మన లిపిలోనే ఆలోచించండి. 'ద'కీ 'ధ'కీ తేడా ఒక్క చిన్న గీత. అక్షరం మొత్తం ఎనిమిది పిక్సెల్స్ ఎత్తుంటే ఆ గీత ఎక్కడుంటుంది? ఏఐ అక్కడ చదవదు, ఊహిస్తుంది. ఆర్టిస్ట్ రాసింది పోయి, ఎవరూ రాయనిది వస్తుంది.

సరే, మా తమ్ముడి ల్యాప్‌టాప్ దగ్గరకొద్దాం. సెట్టింగ్స్ తీస్తే అప్‌స్కేలింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఉంది, టెక్స్చర్ క్వాలిటీ లోలో ఉంది. ఈ రెండూ వేరు వేరు. రిజల్యూషన్ భారం గ్రాఫిక్స్ చిప్ లెక్కల మీద పడుతుంది, టెక్స్చర్ క్వాలిటీ భారం ఎక్కువగా మెమరీ మీద. మెమరీలో చోటుంటే టెక్స్చర్ పెంచినా ఫ్రేమ్స్ పెద్దగా పడవు. టెక్స్చర్ హై చేశా, అప్‌స్కేలింగ్ క్వాలిటీకి మార్చా. లోపలి రిజల్యూషన్ 1280×720 అయింది. ఫ్రేమ్స్ కొంచెం తగ్గాయి, కానీ పోస్టర్ మీద అక్షరాలు కనబడ్డాయి. దూరం చెట్లు ఇంకా కాస్త మసకే, అబద్ధం చెప్పను.

ఫోన్‌లో ఆడేవాళ్లూ ఇదే చూడండి. ముందు గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్, టెక్స్చర్ విడివిడిగా ఉన్నాయేమో వెతకండి. కొన్ని గేమ్స్‌లో హెచ్‌డీ రిసోర్స్ ప్యాక్ విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. తర్వాత ఒక గోడ ముందు కదలకుండా రెండు సెకన్లు నిలబడండి. అప్పుడు క్లియర్ అయితే డీటెయిల్ ఉంది, ఆలస్యంగా వస్తోంది అంతే. ఎంతసేపు నిలబడ్డా మసకే అయితే, గేమ్ వాడుతున్న కాపీయే చిన్నది కావచ్చు. అక్కడ ఏ అప్‌స్కేలరూ ఏం చేయలేదు.

వెళ్లేముందు బాబాయ్‌కి చెప్పా, "ఇంకో రెండేళ్లు ఇదే చాలు" అని. ఆ ఎనభై వేలు వాడి కాలేజీ ఫీజుకి పక్కన పెట్టాడు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదనుకోండి.

మీ గేమ్‌లో గోడ టెస్ట్ చేసి ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.