టెక్ స్టేజ్‌పై స్పీకర్ తడబడితే.. పక్కనున్న హోస్ట్ ఏం చేయాలి? మైకేల్ బే, జుకర్‌బర్గ్ వీడియోల్లో అసలు జరిగింది ఇదే!

2014 జనవరి. లాస్ వెగాస్‌లో సీఈఎస్ టెక్ షో. శాంసంగ్ 105 అంగుళాల కర్వ్‌డ్ టీవీ గురించి చెప్పేందుకు ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమాల డైరెక్టర్ మైకేల్ బే స్టేజ్ ఎక్కారు. పక్కన కంపెనీ ఎగ్జిక్యూటివ్ జో స్టిన్జియానో ఉన్నారు. ఇలా మొదలుపెట్టారో లేదో బే ఆగిపోయారు. ప్రాంప్టర్‌లో అక్షరాలు తేడాగా వస్తున్నాయని అక్కడే చెప్పేశారు. సరే, స్క్రిప్ట్ లేకుండానే మాట్లాడేస్తా అన్నారు కానీ మాట రాలేదు. ఈ కర్వ్‌డ్ స్క్రీన్‌పై మీ అభిప్రాయం ఏంటని స్టిన్జియానో అడిగారు. బే సారీ చెప్పి స్టేజ్ దిగి వెళ్లిపోయారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అంత పెద్ద డైరెక్టర్‌కి నాలుగు మాటలు రాలేదా అంటూ నెట్టింట తెగ నవ్వుకున్నారు. ఆ తర్వాత బే తన బ్లాగ్‌లో అసలు సంగతి చెప్పారు. హుషారులో ఎగ్జిక్యూటివ్ చెప్పాల్సిన లైన్‌ను దాటేసి తన లైన్ అందుకున్నారట. దాంతో ప్రాంప్టర్ గందరగోళమైందట. లైవ్ షోలు తనకు సరిపడవేమో అని కూడా రాసుకున్నారు.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే.. ప్రాంప్టర్ దానంతట అది నడవదు. తెర వెనక ఒక ఆపరేటర్ కూర్చుని, స్పీకర్ వేగాన్ని బట్టి అక్షరాలను పైకి జరుపుతుంటారు. ఇద్దరు మాట్లాడే స్క్రిప్ట్‌లో ఒకరు ఒక లైన్ దాటేస్తే, ఆపరేటర్ చోటు వెతుక్కోవాలి. ఆ మూడు నాలుగు సెకన్లు స్టేజ్ మీదున్న మనిషికి మూడు నాలుగు నిమిషాల్లా ఉంటాయి. టీవీ స్టూడియోలో పనిచేసే వాళ్లకు ఈ బాధ బాగా తెలుసు!

మరి స్టిన్జియానో అడిగింది తప్పా? కానే కాదు. ప్రశ్న మంచిదే. కానీ అప్పటికే బే బుర్ర స్క్రిప్ట్‌లో ఇరుక్కుపోయింది. అలాంటప్పుడు కొత్త ప్రశ్న ఏదైనా మరో పరీక్షలాగే వినిపిస్తుంది. అందుకే స్టేజ్ ఎక్కకముందే హోస్ట్ ఒక మాట అనుకోవాలి. ‘సార్, స్క్రీన్ పోతే మీ సినిమా షూటింగ్ గురించి అడుగుతా, అక్కడి నుంచి అందుకోండి’ అని చెప్పి ఉంచితే చాలు. స్పీకర్‌కి పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది.

ఇది స్పీకర్ తడబడిన కథ. హోస్టే ఇబ్బందుల్లో పడిన సందర్భమూ ఉంది. 2008 మార్చిలో అమెరికాలోని ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ సదస్సు జరిగింది. గెస్ట్ అప్పటికి 23 ఏళ్ల ఫేస్‌బుక్ సీఈఓ మార్క్ జుకర్‌బర్గ్. ఇంటర్వ్యూ చేసింది బిజినెస్ జర్నలిస్ట్ సారా లేసీ. హాల్లో ఉన్నది ఎక్కువగా డెవలపర్లు, వెబ్ రంగం వాళ్లు. వాళ్లకు కావాల్సింది ఫేస్‌బుక్ ప్లాట్‌ఫామ్, యాడ్స్, ప్రైవసీ సంగతులు. స్టేజ్‌పై మాత్రం కబుర్లలా సాగింది. కాసేపటికి హాల్లోంచి అరుపులు మొదలయ్యాయి. ట్విట్టర్‌లో అక్కడికక్కడే విమర్శలు పడ్డాయి. ఒక దశలో ప్రశ్నలు అడగాలని జుకర్‌బర్గే గుర్తుచేయడంతో జనం చప్పట్లు కొట్టారు. చివరికి మైక్ ఆడియెన్స్‌కి వెళ్లింది.

లేసీకి ఆ సబ్జెక్ట్ తెలియక కాదు. సిలికాన్ వ్యాలీ కంపెనీలపై పుస్తకమే రాశారామె. కానీ కుర్చీలో ఎదురుగా ఉన్నది గెస్ట్ ఒక్కరే అయినా, హాల్లో కూర్చున్నది వేరే వాళ్లు. అప్పట్లో ఆ స్టేజ్‌పై ఎవరున్నా ఇబ్బంది పడేవాళ్లేమో.. ఎందుకంటే జనం చేతిలోని ఫోన్ రెండో మైక్‌లా మారడం అప్పుడే మొదలైంది.

రెండేళ్ల తర్వాత, 2010 జూన్‌లో ఇదే జుకర్‌బర్గ్ కాలిఫోర్నియాలో డీ8 సదస్సుకు వచ్చారు. ఈసారి ఎదురుగా వాల్ట్ మాస్‌బర్గ్, కారా స్విషర్. అప్పట్లో ఫేస్‌బుక్ ప్రైవసీ సెట్టింగ్స్‌పై పెద్ద రచ్చ నడుస్తోంది. హోస్టులు ఆ ప్రశ్నను వదల్లేదు. జవాబు పక్కదారి పట్టిన ప్రతిసారీ మళ్లీ అక్కడికే తీసుకొచ్చారు. జుకర్‌బర్గ్‌కి ముచ్చెమటలు పట్టేశాయి. మాటవరసకు కాదు, నిజంగానే!

ఇక్కడే స్విషర్ చేసిన పని చూడండి. కావాలంటే ఆ హుడీ తీసేయండి అన్నారు. మొదట వద్దన్న జుకర్‌బర్గ్ తర్వాత తీసేశారు. లోపలివైపు కంపెనీ లక్ష్యాలతో ఒక గుర్తు ముద్రించి ఉండటంతో స్టేజ్‌పై జోకులు పేలాయి, గాలి కాస్త తేలికైంది. ప్రశ్నలు మాత్రం ఆగలేదు. మనిషికి ఊపిరి ఇచ్చారు, జవాబుకు మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. కోట్ల మంది ఫొటోలు, వివరాలు ఎవరికి కనిపిస్తాయన్న ప్రశ్న అది. ఎదుటివాళ్లు ఇబ్బంది పడుతున్నారని దాన్ని వదిలేస్తే నష్టపోయేది యూజర్లే.

అయితే గట్టిగా అడగడం వేరు, అడ్డంగా దొరికించుకోవడం వేరు. 2023 సెప్టెంబర్‌లో కోడ్ కాన్ఫరెన్స్‌కి ఎక్స్ సీఈఓ లిండా యాకరినో వచ్చారు. ఆమె కంటే కాసేపటి ముందు, అదే స్టేజ్‌పై ట్విట్టర్ మాజీ సేఫ్టీ హెడ్ యోయెల్ రోత్ మాట్లాడారు. ఆ సెషన్ ఉందని బయటపెట్టింది ఆ రోజే. ఆ తర్వాత సీఎన్‌బీసీకి చెందిన జూలియా బూర్‌స్టిన్ యాకరినోను ఇంటర్వ్యూ చేశారు. మాటలు ఆద్యంతం ఉద్రిక్తంగానే సాగాయి. యూజర్ల లెక్కలపై స్పష్టమైన జవాబు రాలేదు. ఆమె ఫోన్ చూపిస్తే, హోమ్ స్క్రీన్‌పై ఎక్స్ యాప్ లేదన్నదే హెడ్‌లైన్ అయింది. రోత్‌ను పిలవడం తప్పు కాదు. కానీ ముందే చెప్పి ఉంటే కోపానికి బదులు జవాబు వచ్చేదేమో. ముందే తెలిసినంత మాత్రాన గట్టి ప్రశ్న మెత్తబడదు.

మన హైదరాబాద్‌లోనూ ఈ పని ఎంత కష్టమో చూశాం. 2017 నవంబర్‌లో హెచ్ఐసీసీలో జరిగిన గ్లోబల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సమ్మిట్‌లో ఓ ప్యానెల్‌కి మోడరేటర్ అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్. ప్యానెల్‌లో ఇవాంకా ట్రంప్, చెరీ బ్లెయిర్, చందా కొచ్చర్ లాంటి వాళ్లున్నారు. ఇంతమంది ఉన్నప్పుడు లెక్క వేసుకోవాల్సిందే. ఉదాహరణకు 40 నిమిషాల సెషన్, నలుగురు గెస్టులు అనుకోండి. పరిచయాలకు 5, ఆడియెన్స్‌కి 10 పోతే మిగిలేది 25. అంటే ఒక్కొక్కరికి ఆరు నిమిషాల పైచిలుకు.. అందులో హోస్ట్ మాటలు కూడా కలిపే! బయోడేటా మొత్తం చదివి వినిపించే మోడరేటర్లు అక్కడే సగం సెషన్ తినేస్తారు.

వీలైతే ఇంకో వీడియో చూడండి. 2007 మే నెల, డీ5 సదస్సు. బిల్ గేట్స్, స్టీవ్ జాబ్స్ పక్కపక్కన కూర్చున్నారు. హోస్టులు మళ్లీ మాస్‌బర్గ్, స్విషరే. ఈసారి గెస్టులను వదిలేసి, హోస్టులు ఎప్పుడెప్పుడు మౌనంగా ఉన్నారో గమనిస్తూ చూడండి.