దాయవిభాగము - తోడబుట్టినవారి ధర్మము



పన్నెండవనాటితో తండ్రిగారి కర్మ ముగియును. పదమూడవనాడు బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనను మాట మొదలగును. ధవళేశ్వరమున జనార్దనస్వామి కొండ దిగివచ్చు గృహస్థులు తరచుగా అడుగు ప్రశ్న ఇది: "తండ్రి వీలునామా వ్రాసి ఇద్దరు కొడుకులను ఎగ్జిక్యూటర్లుగా నియమించెను. ఒకడు అమ్ముదమనును, వేరొకడు వలదనును. ఎవరి మాట చెల్లును?"

ఎగ్జిక్యూటరు యజమాని కాడు. తండ్రి మాటను నెరవేర్చువాడు. పంపకము ముగియువరకు ఆ సొత్తు అతనిచేతిలోని ఇల్లడ. ఈ భేదమును మరచుటయే సగము తగవులకు మూలము.

యాజ్ఞవల్క్యుడు ఆస్తిని, అప్పును కలిపి చెప్పి, రెంటిని కొడుకులు సమముగా పంచుకొనవలెనని విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాయగా, 13వ శతాబ్దమున కేతన దానిని తెనిగించెను. మనవారికి ఆస్తి జ్ఞాపకముండును, అప్పు ఉండదు! 1925 నాటి భారత వారసత్వ చట్టమును అప్పునకే అగ్రస్థానమిచ్చినది. ముందుగా అంత్యక్రియల ఖర్చు, పాలేరులకు, పనివారలకు కడపటి 3 నెలలలో నిలిచిపోయిన జీతము, పిదప ఇతర ఋణములు. ఇవి తీరిన పిమ్మటనే వీలునామాలోని పంపకము.

పలువురు ఎగ్జిక్యూటర్లున్నచో, వీలునామాలో వేరుగా వ్రాయనియెడల, ప్రొబేటు పొందిన ఒక్కడైనను పని నడపవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. అది పని ఆగకుండుటకైన వెసులుబాటే గాని, తోడబుట్టినవానికి తెలియకుండ అమ్ముటకు సెలవు కాదు. లోభముతో తమ్ములను వంచించు అన్న అన్నయే కాడనియు, వానికి భాగమే లేదనియు మనువు కఠినముగా పలికెను. దాచిన సొత్తు పంపకమైన తరువాత బయటపడినను, మరల అందరును సమముగా పంచుకొనవలసినదే.

ఆడపడుచులను సంతకమునకు మాత్రమే పిలుచుట మరియొక దురాచారము. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమగు హక్కును ఆంధ్రప్రదేశమున 1985లోనే, అప్పటికి పెండ్లికాని కూతుళ్లకు ఇచ్చిరి. 2005లో దేశమంతట కూతుళ్లందరికి వచ్చినది. ఆమె భాగమును తండ్రి వీలునామా తాకజాలదు.

తగవు ముదిరిన నెంతదూరము పోవునో పిఠాపురము చెప్పును. దత్తపుత్రునికి, ఔరసునికి నడుమ తండ్రి వీలునామాపై పుట్టిన వ్యాజ్యము లండనులోని ప్రివీకౌన్సిలుదాక పోయి 1899లో గాని తేలలేదు. 1918లో అదే సంస్థానమునుండి భరణపు వ్యాజ్యము మరల అచ్చటికే చేరినది. సంస్థానమునకు చెల్లినది; రెండెకరముల రైతునకు చెల్లునా?

మన డెల్టాలో మరియొక చిక్కు కలదు. పంచరానివానిలో మనువు నీటిని చేర్చెను. 1852లో కాటనుదొర ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ సీమ బ్రదుకు కాలువనీటిపైననే. ఎకరములను కొలిచి పంచవచ్చును, బోదెను పంచుటెట్లు? ఎగువచేను అన్నకు, దిగువచేను తమ్మునికి వచ్చును. ఒక యేడు మాటపట్టింపుతో అన్న గండి మూయును, తమ్ముని నారుమడి ఎండును. కొలతలో ఇద్దరికిని సమమే, ఫలములో కాదు. కాపు కొబ్బరిచెట్లు ఒక వైపే యున్న దొడ్డిని కొలతాడుతో నడిమికి చీల్చుటయు నట్టిదే.

కావున భాగపరిష్కారపు దస్తావేజులో సర్వేనంబర్లతోపాటు నీరు ఏ తూమునుండి, ఎవరి గట్టువెంట వచ్చునో, ముందెవరు పెట్టుకొనవలెనో, బోదె పూడిక ఎవరు తీయవలెనో, బండిదారి వెడల్పెంతయో వ్రాయించుకొనుడు. తల్లి జీవించియున్నచో ఆమె ఏ గదిలో నుండునో, ఆమెకు ఏటికి ఎన్ని బస్తాల ధాన్యము ఎవరు కొలిచి ఇత్తురో, ఆ మాట అన్నిటికంటె ముందు వ్రాయింపుడు.