చికాగో మొదటి నియోజకవర్గము: ఓటు చెప్పిన కథ

అమెరికా ఎన్నికల వార్తలు రేడియోలో వచ్చునపుడు మనము సాధారణముగా అధ్యక్షుని పేరు కొరకే చెవియొగ్గి కూర్చుందుము. కాని ఆ దేశపు ప్రజల మనస్సు ఎట్లు మారుచు వచ్చినదో తెలిసికొనవలెనన్న ఒక మెట్టు దిగి చూడవలెను. అక్కడి ప్రతినిధి సభకు 435 నియోజకవర్గములు ఉన్నవి. ఒక్కొక్క దానినుండి ఒక సభ్యుడు రెండేండ్లకొకసారి ఎన్నికగును. పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీసి, వాటి ననుసరించి సరిహద్దులను తిరిగి గీయుదురు. వీటిలో ఒకదాని కథను ఇచ్చట చెప్పదలచినాము. అది ఇల్లినాయ్ రాష్ట్రపు మొదటి నియోజకవర్గము. చికాగో నగరపు దక్షిణ భాగము దానికి గుండెకాయ వంటిది.

1910లో చికాగోలోని నల్లజాతివారు సుమారు 44 వేలమంది. 1920 నాటికి వారు లక్షా 9 వేలకు, 1930 నాటికి 2 లక్షల 34 వేలకు పెరిగిరి. దక్షిణ రాష్ట్రముల పత్తిచేలను, అచ్చటి అవమానములను విడిచి, మాంసపు కర్మాగారములలోను ఉక్కు మిల్లులలోను పని వెదకుకొనుచు వారు రైళ్ళలో తరలివచ్చిరి. దక్షిణమున వారి ఓటు కాగితము మీది హక్కు మాత్రమే. తలపన్ను, చదువు పరీక్ష, బెదిరింపు, ఇన్ని అడ్డుగోడలు దానిచుట్టు ఉండెడివి. చికాగోలో ఆ గోడలు లేవు. అయితే అచ్చట మరియొక గోడ ఉన్నది. వారికి ఇండ్లు నగరపు దక్షిణమున ఒక ఇరుకైన పట్టీలో తప్ప దొరకెడివి కావు. వారిని ఒకచోట కుక్కిన అన్యాయమే వారి ఓట్లను ఒకచోట కూర్చి బలముగా మార్చినది.

ఆ బలము 1928లో బయటపడెను. అప్పటి సభ్యుడు మార్టిన్ మాడెన్ మరణింపగా, రిపబ్లికన్ పక్షము తరఫున ఆస్కార్ డీప్రీస్ట్ నిలిచి గెలిచెను. ఆయన అలబామాలో పుట్టి, 1915లోనే చికాగో నగరసభలో మొట్టమొదటి నల్లజాతి సభ్యుడైన వాడు. 1901లో ఉత్తర కరోలినాకు చెందిన జార్జి వైట్ సభను వీడిన పిమ్మట ఇరువది యెనిమిదేండ్లు ఆ సభలో నల్లజాతివాడు ఒక్కడును లేడు. 1929లో డీప్రీస్ట్ ప్రవేశించి, మూడు పర్యాయములు ఏకాకిగా కూర్చుండెను.

ఆ కాలమున నల్లజాతివారు రిపబ్లికన్లకు ఓటు వేయుటకు కారణము స్పష్టము. అది బానిసత్వమును తొలగించిన లింకన్ పక్షము. దక్షిణమున తమ ఓటును అపహరించినవారు డెమోక్రాట్లు. తాతలనాటి కృతజ్ఞత మనుమల ఓటులో పలుకుచుండెను.

కాని 1929లో మొదలైన ఆర్థిక మాంద్యము ఆ కృతజ్ఞతను పరీక్షకు పెట్టెను. 1932లో దేశమంతయు రూజ్వెల్టు వైపు ఒరిగినను ఈ పేటలు రిపబ్లికన్లనే అంటిపెట్టుకొనెను. డీప్రీస్ట్ మాత్రము కేంద్ర ప్రభుత్వ సహాయ కార్యక్రమములను వ్యతిరేకించెను. పనిలేనివాని యింట పొయ్యి వెలిగించునది పాత ఋణమా, నేటి కూలియా? 1934లో ఓటర్లు జవాబు చెప్పిరి. ఒకప్పుడు తానును రిపబ్లికనే అయిన ఆర్థర్ మిచెల్, డెమోక్రాటుగా నిలిచి, సుమారు మూడువేల ఓట్ల తేడాతో డీప్రీస్టును ఓడించెను. డెమోక్రాటుగా ఆ సభకు ఎన్నికైన మొదటి నల్లజాతివాడు ఆయనయే. దేశమందలి నల్లజాతి ఓటర్లలో అధికభాగము ఆ దారి పట్టినది 1936లో. చికాగో రెండేండ్లు ముందు నడిచినది.

1942లో విలియం డాసన్ ఎన్నికయ్యెను. ఆయనయు పక్షము మారినవాడే. 1949లో సభాస్థాయీసంఘమునకు అధ్యక్షుడైన మొదటి నల్లజాతివాడుగా పేరొందెను. 1970లో మరణించువరకు ఆ స్థానము ఆయనదే. పేటపేటకు పక్షపు మనుష్యులుండి, కొలువులిప్పించి, కష్టమునకు ఆదుకొని, ఎన్నికనాడు ఓట్లు సమకూర్చు నగరయంత్రాంగము ఆయన బలము. ఇందు మేలున్నది, బంధమును ఉన్నది. యంత్రము మీటను తిప్పువాడు మేయరు డేలీ.

1934 తరువాత అచ్చట వేరొక పక్షము గెలువలేదు. ఫలితము ముందే తెలిసినచోట ఓటునకు విలువ యేమి అని పాఠకులు అడుగవచ్చును. జవాబు ప్రాథమిక ఎన్నికలో ఉన్నది. అనగా, పక్షము తరఫున ఎవరు నిలువవలెనో ఓటర్లే ముందుగా తేల్చు ఎన్నిక. అసలు పోరు అచ్చటనే. డాసన్ తరువాత వచ్చిన రాల్ఫ్ మెట్కాఫ్, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పందెమున జెస్సీ ఓవెన్స్ వెనువెంట రెండవవాడుగా వచ్చిన పరుగువీరుడు. నల్లజాతివారిపై పోలీసుల దౌర్జన్యమును సహింపక 1972లో ఆయన మేయరు డేలీతో తెగతెంపులు చేసికొనెను. 1976లో డేలీ మరియొకనిని పోటీకి నిలిపెను. ఓటర్లు యంత్రమును కాదని మెట్కాఫ్‌నే గెలిపించిరి. 1980లో ఇచ్చట గెలిచిన హెరాల్డ్ వాషింగ్టన్, 1983లో చికాగోకు మొదటి నల్లజాతి మేయరయ్యెను. 1992లో బాబీ రష్, పదవిలోనున్న చార్లెస్ హేస్‌ను ప్రాథమిక ఎన్నికలోనే ఓడించెను. 2000లో ఆ రష్‌పై ఒక యువ శాసనసభ్యుడు పోటీచేసి, నూటికి 30 ఓట్లతో చిత్తుగా ఓడిపోయెను. ఆయన పేరు బరాక్ ఒబామా. ఎనిమిదేండ్లకు దేశాధ్యక్షుడుగా ఎన్నికైన వానిని సైతము సొంత పేటలు ఒకసారి ఆగుమన్నవి.

రష్ విరమింపగా 2022లో జానథన్ జాక్సన్ ఎన్నికయ్యెను. పాత పేటలలో జనము తగ్గుటచేత సరిహద్దులు నగరము దాటి దక్షిణపు శివారులకు సాగినవి. అయినను 1929 నుండి ఎన్నికైన ప్రతి సభ్యుడును నల్లజాతివాడే.

ఒకే పక్షమునకు తొంబదేండ్లు ఓటు వేసినవారిని అలవాటుపడినవారని తేలికగా అందుము. కాని ఈ నియోజకవర్గము ఒకసారి పక్షమునే విడిచినది. తరువాత పక్షమునందు ఉండియే నాయకులను మార్చినది. ఓటు ఎవరికి పడినదన్న లెక్క ఒక్క రాత్రిలో తేలును. ఎందుకు పడినదో తెలియుటకు ఒక తరము పట్టును.