తాళంచెవి తీసినా బండిలో కరెంటు ఆగడం లేదా?

ద్విచక్ర వాహనాలకు అదనపు పరికరాలు.. బ్యాటరీకి నేరుగా కలిపితే చిక్కులే
'కీ ఆన్' విద్యుత్తును గుర్తించడం ఇలా..

కరీంనగర్, ఆదిలాబాద్: రాత్రి ఇంటి ముందు నిలిపిన బండి తెల్లవారేసరికి సెల్ఫ్ అందుకోదు. హారన్ బొంగురుపోతుంది. ఇండికేటర్ మినుకుమినుకుమంటుంది. బ్యాటరీ పాతబడిందనుకుని యజమాని కొత్తది వేయిస్తాడు. పది, పదిహేను రోజులకు మళ్లీ అదే తంతు. మెకానిక్ సీటు ఎత్తి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. హ్యాండిల్‌కు బిగించిన సెల్‌ఫోన్ ఛార్జర్ తీగలు నేరుగా బ్యాటరీ మీదికి వచ్చి ఉంటాయి. తాళంచెవి యజమాని జేబులో భద్రంగా ఉన్నా, ఛార్జర్ మాత్రం రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటుంది.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలుగా మారినా ఇక్కడి ప్రయాణాల తీరు మారలేదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ గనుల్లో రాత్రి షిఫ్టుకు వెళ్లే కార్మికులు, ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు పాఠశాలలకు వెళ్లే ఉపాధ్యాయులు, సంతల వెంట తిరిగే చిరువ్యాపారులు, పట్టణాల్లో ఇంటింటికీ సరకులు చేరవేసే యువకులు.. అందరికీ బండే ఆధారం. దారి చూపడానికి ఫోన్ కావాలి, ఫోన్‌కు ఛార్జర్ కావాలి. అడవి దారిలో పందులు, పశువులు అడ్డొస్తాయి కాబట్టి అదనపు లైట్లూ కావాలి. ఇవన్నీ అవసరాలే, ఆడంబరాలు కావు. చిక్కంతా వాటికి విద్యుత్తు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గరే వస్తోంది.

లెక్క చూస్తే తెలుస్తుంది
వంద సీసీ తరగతి బండ్లలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాని సామర్థ్యం 2.5 నుంచి 4 ఆంపియర్ అవర్లకు మించదు. కారు బ్యాటరీతో పోలిస్తే ఇది పదో వంతు. ఫోన్ పెట్టకపోయినా ఛార్జర్‌లోని చిన్న దీపం, లోపలి సర్క్యూట్ కలిసి 10 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పన్నెండు రోజుల్లో పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ మోటారును తిప్పే సత్తా అయితే అంతకు చాలా ముందే, ఆరేడు రోజులకే సన్నగిల్లుతుంది. రోజూ తిరిగే బండికి ఈ నష్టం పెద్దగా తెలియదు. ఊరెళ్లి వారం తర్వాత వచ్చినవారికే అసలు దెబ్బ తగులుతుంది. ఆదిలాబాద్ చలిలో బ్యాటరీ సామర్థ్యం మరింత తగ్గుతుంది కాబట్టి పుష్యమాసంలో ఈ ఫిర్యాదులు ఎక్కువ.

పాత బండ్లయితే కిక్ కొట్టి నెట్టుకురావచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు పంపు తిరగాలన్నా, ఇంజిన్‌ను నడిపే ఈసీయూ మేల్కొనాలన్నా విద్యుత్తే దిక్కు. కొన్నింటికి కిక్ రాడే లేదు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లోనో, జన్నారం అడవి దారిలోనో రాత్రివేళ బ్యాటరీ పడిపోతే ఆ బండిని తోయడం తప్ప మరో దారి ఉండదు.

మూడు రకాల తీగలు
బండి వైరింగ్ కిట్‌లో విద్యుత్తు ప్రవహించే తీగలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కీ స్విచ్ దాకా వచ్చేది. ఇందులో ఎల్లవేళలా విద్యుత్తు ఉంటుంది. రెండోది కీ స్విచ్ దాటాక వచ్చేది. తాళంచెవి తిప్పినప్పుడే ఇందులో విద్యుత్తు పారుతుంది, తీస్తే ఆగిపోతుంది. అదనపు పరికరాలకు కావలసింది ఇదే.

మూడోదే మోసం చేస్తుంది. పాత తరహా బండ్లలో హెడ్‌లైట్‌కు బ్యాటరీతో సంబంధం లేదు. ఇంజిన్‌లోని మ్యాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ విద్యుత్తు నేరుగా బల్బుకు వెళుతుంది. ఎక్సలేటర్ ఇస్తే వెలుగు పెరిగి, వదిలితే తగ్గేది అందుకే. ఇంజిన్ ఆపితే ఈ తీగలోనూ విద్యుత్తు ఆగుతుంది కదా అని కొందరు ఛార్జర్‌ను దీనికి కలుపుతుంటారు. డీసీ మీద పనిచేయాల్సిన ఛార్జర్, ఎల్ఈడీ లైట్లు దీనివల్ల త్వరగా కాలిపోతాయి. చాలా పాత నమూనాల్లో వెనుక దీపం కూడా ఇదే తీగ మీద ఆధారపడుతుంది. 2017 ఏప్రిల్ నుంచి ఇంజిన్ నడుస్తున్నంత సేపు హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు కొత్త బండ్లన్నింటికీ తప్పనిసరి అయింది. అంతమాత్రాన అన్నింటిలోనూ హెడ్‌లైట్ డీసీ మీదే నడుస్తుందని అనుకోకూడదు.

వెతకాల్సిన చోట్లు
అన్నింటికంటే తేలికైనది వెనుక బ్రేకు స్విచ్. దానికి రెండు తీగలు ఉంటాయి. ఒకదానిలో తాళంచెవి తిప్పగానే విద్యుత్తు వచ్చి నిలకడగా ఉంటుంది. రెండోదానిలో బ్రేకు తొక్కినప్పుడే వస్తుంది. మొదటిదే మనకు కావలసింది. పొరపాటున రెండోది పట్టుకుంటే బ్రేకు వేసినప్పుడల్లా ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది! నవ్వులాటగా అనిపించినా ఇలాంటి బిగింపులు లేకపోలేదు.

ఇండికేటర్ ఫ్లాషర్‌లోకి వెళ్లే తీగ మరో మార్గం. ఫ్లాషర్ నుంచి బయటకు వచ్చే తీగ పనికిరాదు, అది ఆగి ఆగి వెలుగుతుంది. హారన్ సంగతి బండిని బట్టి మారుతుంది. కొన్ని కంపెనీలు హారన్ మీటను ఎర్త్ వైపు పెడతాయి. అప్పుడు హారన్ ఒక కొసకు కీ ఆన్ చేసినంత సేపు విద్యుత్తు ఉంటుంది. మీట రెండోవైపు ఉంటే నొక్కినప్పుడు మాత్రమే వస్తుంది.

తీగల రంగులూ కొంత దారి చూపుతాయి. హోండా పద్ధతిలో ఎరుపు బ్యాటరీ నుంచి వచ్చేది, నలుపు కీ స్విచ్ దాటినది, ఆకుపచ్చ ఎర్త్. పాత హీరో హోండా బండ్లదీ ఇదే బాట. నలుపంటే ఎర్త్ అని అనుకునేవారు ఇక్కడే బోల్తా పడతారు. మిగతా కంపెనీల రంగులు వేరు. పైగా ఒకటికి రెండుసార్లు చేతులు మారిన బండిలో మధ్యలో ఎవరు ఏ రంగు తీగ అతికించారో చెప్పలేం. అందుకే రంగును చూసి అంచనా వేయవచ్చు కానీ నిర్ధారణ మాత్రం పరీక్షతోనే జరగాలి.

పరీక్ష ఎలా?
టెస్ట్ ల్యాంపు లేదా మల్టీమీటర్ చాలు. ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, రెండో కొసను అనుమానం ఉన్న తీగ కనెక్టర్‌లో వెనుక నుంచి ఆనించాలి. కీ ఆఫ్‌లో ఉన్నప్పుడు దీపం వెలగకూడదు. కీ ఆన్ చేయగానే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే వెలగాలి. బ్రేకు తొక్కినా, ఇండికేటర్ వేసినా తేడా రాకూడదు. ఇంజిన్ నడిచినప్పుడే వెలిగి, వేగంతో పాటు వెలుగు పెరిగితే అది కాయిల్ నుంచి వచ్చే ఏసీ తీగ. దాన్ని వదిలేయాలి. మల్టీమీటర్‌ను డీసీలో ఉంచి చూస్తే ఇంజిన్ నడుస్తున్నప్పుడు సరైన తీగలో 13.5 నుంచి 14.5 వోల్టుల వరకు కనిపిస్తుంది.

కొన్ని తీగలు పరీక్షలో నెగ్గినా ముట్టుకోకూడదు. సీడీఐకి, ఈసీయూకి, పెట్రోలు పంపుకు, ఏబీఎస్‌కు వెళ్లే తీగలు ఈ కోవలోనివి. అక్కడ అతుకు వదులైతే నడిరోడ్డుపై ఇంజిన్ ఆగిపోవచ్చు, బ్రేకు రక్షణ పనిచేయకపోవచ్చు.

లైట్లకైతే రిలే తప్పనిసరి
5 వోల్టులు, 2 ఆంపియర్ల ఛార్జర్ బ్యాటరీ నుంచి లాగేది సుమారు ఒక ఆంపియరే. దాన్ని బ్రేకు స్విచ్ తీగకు 2 ఆంపియర్ల ఫ్యూజుతో కలిపితే సరిపోతుంది. ఒక్కోటి 20 వాట్ల చొప్పున రెండు ఎల్ఈడీ లైట్లు పెడితే మాత్రం 3.3 ఆంపియర్లు కావాలి. బ్రేకు దీపం కోసం వేసిన సన్నని తీగ మీద ఆ భారం మోపకూడదు. పెట్రోలు ట్యాంకు కిందే ఈ తీగలన్నీ వెళతాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. రామగుండం ఎండల్లో అప్పటికే కాగి ఉన్న తీగ మరింత వేడెక్కి, తొడుగు కరిగి, పక్క తీగకు తగిలితే మంటలు రేగడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక్కడ రిలే అక్కరకొస్తుంది. దానికి నాలుగు కాళ్లు, వాటిపై 30, 85, 86, 87 అనే అంకెలు ఉంటాయి. కీ ఆన్ తీగను 86కు, ఎర్త్‌ను 85కు ఇవ్వాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా మందపాటి తీగను 30కి తేవాలి. 87 నుంచి లైట్ల స్విచ్‌కు, అక్కడి నుంచి లైట్లకు వెళ్లాలి. తాళంచెవి తిప్పితే రిలే లోపలి కాయిల్ అయస్కాంతంగా మారి 30ని, 87ని కలుపుతుంది. కాయిల్ లాగేది 0.2 ఆంపియర్లకు లోపే కాబట్టి పాత తీగపై భారం దాదాపు ఉండదు. తాళంచెవి తీయగానే 'టిక్' మని విడిపోతుంది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి. లైట్ల దగ్గర పెడితే మధ్యలో తీగ ఎక్కడ ఒరుసుకుపోయినా దానికి రక్షణ ఉండదు.

అతుకుల విషయంలోనే మన దగ్గర నిర్లక్ష్యం ఎక్కువ. తీగ తొడుగు ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. మే నెల వేడికి టేపు జిగురు కారిపోతుంది. జులై వానలకు రాగి పచ్చబడుతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. హ్యాండిల్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, తీగ బిగుసుకోకుండా చూడటం మరవకూడదు.

అన్నీ సరిగ్గా కలిపినా బండి ఉత్పత్తి చేసే విద్యుత్తుకు ఒక హద్దు ఉంది. అన్ని పరికరాలూ వేసి, మామూలుగా నడిపే వేగంలో ఇంజిన్ ఉంచి బ్యాటరీ వద్ద కొలవాలి. 13 వోల్టులకు దిగువకు వస్తే, కీ ఆన్‌లో ఉన్నా బ్యాటరీ తరుగుతోందని అర్థం. అప్పుడు ఏదో ఒకటి తీసేయాల్సిందే.

కొత్త బండి కొన్నవారు తీగలు కోయించే ముందు కంపెనీ షోరూంలో ఒకమాట అడగడం మంచిది. స్ప్లెండర్ ప్లస్ ఎక్స్‌టెక్ వంటి కొన్ని నమూనాల్లో ఛార్జింగ్ సౌకర్యం ముందే ఉంది. వైరింగ్ కిట్ కోస్తే విద్యుత్తు భాగాలకు వారంటీ వర్తించకపోవచ్చు. రకరకాల స్వరాలు పలికే హారన్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 119వ నిబంధన అనుమతించదు. ఎంత చక్కగా రిలే పెట్టి బిగించినా అలాంటి హారన్‌కు జరిమానా తప్పదు. అదనపు లైట్లను కూడా ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి వంచి, ఎదురుగా వాహనం వస్తే ఆపేందుకు వీలుగా విడి స్విచ్‌తో పెట్టుకోవాలి. విద్యుత్తు బండ్ల పద్ధతి పూర్తిగా వేరు. వాటి ప్రధాన బ్యాటరీ సాధారణంగా 48 వోల్టులు, అంతకు పైనే ఉంటుంది. వాటికి పైన చెప్పిన పద్ధతులేవీ వర్తించవు, కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్లాలి.